తక్కువ రుసుము గోల్ఫ్ మైదానంలో తొమ్మిది హోల్స్ ఆడాలంటే

కోరాపుట్ కొండల మీద మేము ఆడే గోల్ఫ్ మైదానంలో నీళ్లు చిమ్మే గొట్టాలు లేవు. గడ్డిని తివాచీలా కత్తిరించే యంత్రాలూ లేవు. కర్మాగారం టౌన్‌షిప్ అంచున, నీలగిరి చెట్ల వరుసల మధ్య తొమ్మిది హోల్స్, అంటే బంతిని కొట్టుకుంటూ వెళ్లి చివర రంధ్రంలో వేయవలసిన తొమ్మిది దారులు, ఉన్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండటానికి కొద్దిమంది పనివాళ్లు ఉన్నారు. రుసుము తక్కువగా ఉండటానికి కారణం అదే. అందువల్ల ఇక్కడ ఆడేవాళ్లు రుసుములో కొంత డబ్బుగానూ మిగతాది తమ చేతి పనిగానూ చెల్లిస్తారు. కర్ర దెబ్బకు నేలలో పడే గుంటను పెద్ద నగరాల క్లబ్బుల్లో ఎవరో వెనక వచ్చి సరిచేస్తారు, ఇక్కడ మీరే పూడ్చాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వస్తే మిగతావన్నీ నేర్చుకోవచ్చు.

నేను జయపురంలో బడిపిల్లలకు లెక్కలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, మైదానంలో ఈ కొండ పల్లెల భాష దేశియా మాట్లాడతాను. సాలూరు, పార్వతీపురం, రాయగడల నుంచి వచ్చే బంధువులు నా గోల్ఫ్ సంచీ చూసి, "అది ఆఫీసర్ల ఆట కదా వదినా!" అంటారు. ఆ మాట నాకు నచ్చదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా సంచులు మోసినవాడు. 2009లో అదే పోటీ గెలిచిన మునియప్ప బెంగళూరు క్యాడీ. 2016, 2017 సంవత్సరాల్లో వరుసగా గెలిచిన చౌరాసియా కోల్‌కతాలో మైదానం పనివాడి కొడుకు. ఈ దేశంలో గోల్ఫ్‌ను నిలబెట్టినవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇది పరాయి ఆట ఎందుకవుతుంది?

మొదట లోపలికి వెళ్లడం గురించి చెబుతాను. ఇలాంటి మైదానాలు చాలావరకు ఏదో ఒక సంస్థ టౌన్‌షిప్‌లోనో, సైనిక స్థావరంలోనో ఉంటాయి. గేటు దగ్గర కాపలా ఉంటుంది, గుర్తింపు కార్డు అడుగుతారు. నేరుగా వెళ్లి నిలబడితే పని జరగకపోవచ్చు. ముందురోజే ఫోను చేసి, బయటివాళ్లను ఆడనిస్తారా, సభ్యులెవరైనా వెంట ఉండాలా, రుసుము వారాంతంలో మారుతుందా, ఆ రోజు పోటీ ఏమైనా ఉందా అని నాలుగు ప్రశ్నలూ అడిగేయండి. విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో మాట: సాలూరు దాటాక ఘాటు రోడ్డు మీద లారీల వెనక చిక్కుకుంటే ఎంత సేపు పడుతుందో చెప్పలేం. పొద్దున ఆడాలనుకుంటే ముందురోజు రాత్రికే కోరాపుట్ చేరుకోవడం మేలు.

దుస్తుల విషయంలో భయపడకండి. కాలరున్న చొక్కా, మామూలు ప్యాంటు, అడుగున పట్టు ఉన్న కాన్వాస్ బూట్లు చాలు. స్త్రీలు చుడీదార్‌తో హాయిగా ఆడవచ్చు, నేను అలాగే ఆడతాను. దుపట్టా మాత్రం ఇంట్లోనే వదిలి రండి, భుజం తిరిగేటప్పుడు అది చేతికి అడ్డం పడుతుంది. కొత్త తెల్ల బూట్లు తేవద్దు, కారణం కింద చెబుతాను.

కర్రల సంగతి. నియమం ప్రకారం 14 వరకు ఉండవచ్చు. మొదలుపెట్టేవాళ్లకు అందులో సగం కూడా అక్కర్లేదు. దూరం కొట్టడానికి ఒక హైబ్రిడ్, లోహపు తలున్న 5, 7, 9 నంబర్ల ఐరన్లు, ఇసుకలోంచి బంతిని లేపడానికి ఒక శాండ్ వెడ్జ్, బంతిని రంధ్రంలోకి దొర్లించడానికి ఒక పుటర్ ఉంటే మా మైదానంలో ఏ హోల్ అయినా ఆడవచ్చు. డ్రైవర్ అనే అన్నిటికన్నా పొడవాటి కర్ర కొనడానికి తొందరపడకండి. ఇరుకైన ఫెయిర్‌వేకి, అంటే బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డి దారికి, రెండు పక్కలా చెట్లున్న చోట డ్రైవర్‌తో పోయే బంతులే ఎక్కువ. పాత సెట్టు కొంటున్నప్పుడు అందరూ తల భాగం మెరుస్తోందా అని చూస్తారు. నేను ముందు పట్టు చూస్తాను. రబ్బరు గట్టిపడి జారుతుంటే సబ్బునీళ్లతో రుద్ది కడిగి ఆరబెట్టండి. అప్పటికీ జారితే పట్టు మార్పించుకోండి. జారే పట్టుతో ఆడితే వేళ్లు బిగుసుకుంటాయి, వేళ్లు బిగుసుకుంటే మోచేతులు బిగుసుకుంటాయి, ఇక దెబ్బ సాఫీగా రాదు. బంతులు కూడా పాతవే కొనండి. కర్రల కంటే ముందు ఖర్చు తగ్గించుకోగలిగేది వాటిలోనే.

క్యాడీని తీసుకోండి. సంచీ మోయలేక కాదు, నేల తెలియక. మా దగ్గర క్యాడీలుగా వచ్చే కుర్రాళ్లు చుట్టుపక్కల పల్లెలవాళ్లు, దేశియా మాట్లాడతారు. "జుహార్" అని పలకరించండి, పేరు అడగండి, ఆట మొదలుకాకముందే కూలి ఎంతో మాట్లాడుకోండి. ఆట అయ్యాక బేరమాడటం తప్పు. తొలి హోల్‌లోనే అతన్ని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: బంతి ఎక్కడ పడితే ఎటు దొర్లుతుంది? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీ దగ్గరున్న ఏ కర్రకన్నా విలువైనది. మీరు తెచ్చుకున్న ఇడ్లీల్లో అతనికీ రెండు పెట్టండి. అతను తెచ్చుకున్న మాండియా పేజ్, అంటే రాగి అంబలి, ఇస్తే కాదనకుండా తాగండి. ఎండలో నడిచే కడుపుకు అంతకన్నా మంచిది లేదు.

టీ దగ్గర, అంటే హోల్ మొదలయ్యే చోట, నిలబడే ముందు పది నిమిషాలు నడుము, భుజాలు తిప్పి వెచ్చబరుచుకోండి. బంతిని రెండు టీ గుర్తుల మధ్య, వాటి గీతకు వెనక, రెండు కర్రల పొడవు దాటకుండా పెట్టాలి. తొలి దెబ్బ దూరం పోవాలన్న ఆశ అందరికీ ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టుకుని 7 ఐరన్‌తో మధ్యలోకి కొట్టండి.

మా మైదానానికి అడ్డంగా ఒక కాలిబాట ఉంది. కట్టెల మోపులతో, అల్లం గంపలతో సంతకు వెళ్లేవాళ్లు ఆ దారిన నడుస్తారు. ఆ దారి ఈ మైదానం కన్నా పాతది, నడిచేవాళ్లకే ముందు హక్కు. వాళ్లు పూర్తిగా దాటేవరకు కర్ర ఎత్తకండి. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. అంత చిన్నదే అయినా తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. బంతి మనుషులున్న వైపు పోతే సిగ్గుపడకుండా గొంతెత్తి "ఫోర్" అని అరవండి. ఆ మాట అర్థం కానివాళ్లు ఉంటారు కనుక వాళ్ల భాషలో "హుషార్", అంటే జాగ్రత్త, అని కూడా అరవండి.

ఇప్పుడు అసలు ఆట. టీవీలో చూసేవాళ్లు బంతిని ఆకాశంలోకి లేపి, జెండా పక్కన టక్కున ఆగేలా దింపుతారు. అది మెత్తటి, తడిపిన గ్రీన్ మీద, అంటే జెండా, రంధ్రం ఉండే నున్నటి చదును మీద సాధ్యం. మార్చి నుంచి వానలు పడేదాకా మా ఎర్రనేల ఇటుకలా ఉంటుంది. పైనుంచి పడిన బంతి ఎటు ఎగిరిపోతుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఇక్కడ నేర్చుకోవలసినది దొర్లించే దెబ్బ. గ్రీన్‌కు ముప్పై నలభై అడుగుల దూరంలో ఉన్నారనుకోండి. 7 ఐరన్ తీసుకోండి, పట్టును కాస్త కిందికి పట్టుకోండి. పాదాలు దగ్గరగా పెట్టి, బంతిని కుడి పాదానికి ఎదురుగా ఉంచుకుని, బరువంతా ఎడమ కాలి మీద వేయండి. చేతులు బంతి కన్నా ముందుండాలి. మణికట్టు విరవకుండా, పుటర్ ఊపినట్టే భుజాలతో ఊపండి. బంతి అడుగు ఎత్తు లేచి, కొద్ది దూరం గాల్లో పోయి, మిగతాది దొర్లుకుంటూ పోతుంది. ఎడమచేతివాటం వాళ్లు ఇదే తిరగేసి చేయాలి. ఈ దెబ్బ ఒక్కటి చేతికి వస్తే మీ లెక్కలో ఎన్ని దెబ్బలు తగ్గుతాయో మీరే చూస్తారు. శిక్షణకు వచ్చే మా ఆడపడుచు మనవరాలితో మొదటి నెల అంతా ఇదే చేయించాను, పెద్ద దెబ్బల జోలికి పోనివ్వలేదు.

నేల మరీ చదునుగా, గడ్డి లేకుండా ఉంటే గ్రీన్ బయట నుంచి కూడా పుటర్ వాడండి. ఎవరూ తప్పుపట్టరు. రాళ్ల మధ్య పడిన బంతిని మాత్రం బలవంతంగా కొట్టకండి. మణికట్టు బెణుకుతుంది, కర్ర దెబ్బతింటుంది. దాన్ని ఆడలేని బంతిగా ప్రకటించి, ఒక పెనాల్టీ దెబ్బ కలుపుకుని, రెండు కర్రల దూరంలోపు, హోల్‌కు దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి వదలండి. 2019కి ముందు భుజం ఎత్తు నుంచి వదిలేవాళ్లం, ఇప్పుడది చెల్లదు.

మా దగ్గర గ్రీన్‌లు నిజానికి పచ్చగా ఉండవు. వాటిని బ్రౌన్ అంటాం. ఇసుకలో వాడేసిన ఇంజన్ నూనె కలిపి, గాలికి లేవకుండా, వానకు కొట్టుకుపోకుండా అదిమి చేసిన గుండ్రటి చదును అది. నీళ్లు చాలని చోట్ల మన దేశంలో ఎన్నో మైదానాలు ఇలాగే నడిచాయి. తెల్ల బూట్లు వద్దన్నది ఇందుకే. బ్రౌన్ మీదికి వెళ్లాక బంతి ఉన్న చోట నాణెం పెట్టి, బంతిని తీసి తుడవండి. పక్కనే పొడవాటి పిడికి బిగించిన చెక్క పట్టీ ఉంటుంది. మా స్థానిక నియమం ప్రకారం దాన్ని హోల్ దగ్గర నుంచి మీ బంతి వైపు ఒక్కసారి లాగి, దారిని నునుపు చేసుకోవచ్చు. రెండోసారి లాగకూడదు. పచ్చటి గ్రీన్ కన్నా ఇక్కడ బంతి నెమ్మదిగా పోతుంది, వంపు కూడా తక్కువ. కాబట్టి సందేహించకుండా సూటిగా, కాస్త గట్టిగా కొట్టండి. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, అది ఎక్కడైనా ఒక్కటే. జెండా కర్రను తీయకుండానే పుట్ చేయవచ్చు. 2019 నుంచి దానికి పెనాల్టీ లేదు.

అందరి బంతులూ లోపల పడ్డాక ఒకరు ఆగి, హోల్ చుట్టూ మొదలుపెట్టి గుండ్రంగా బయటికి చెక్క పట్టీ లాగుతూ అడుగుజాడలన్నీ చెరిపేయాలి. నేను ఈ పనిని ఎవరికీ వదలను. వెనక వచ్చే జట్టు మన కాలి గుంటల్లో పుట్ చేయవలసి రావడం అన్యాయం. ఫెయిర్‌వేలో కర్ర దెబ్బకు లేచిన మట్టిపెళ్ల కూడా అంతే. తెచ్చి మళ్లీ అదే చోట పెట్టి కాలితో అదమండి. ఎండాకాలంలో అది ఇక అతుక్కోదు కాబట్టి, క్యాడీ సంచీలో ఉన్న ఇసుకతో గుంట నింపండి. బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, దిగితే గీకుడు కర్రతో జాడలు చెరిపి బయటికి రండి. తొమ్మిది హోల్స్‌లో ఒక్కొక్కరు ఇంత చేస్తే పనివాళ్లకు గడ్డి కోయడానికి సమయం మిగులుతుంది.

ఇక ఇక్కడ తరచూ ఎదురయ్యే చిక్కులు. ఆవులు వస్తాయి. ఆగి ఉన్న మీ బంతిని ఆవు కాలితో తన్నినా, కుక్క నోట కరుచుకుపోయినా, కాకి ఎత్తుకుపోయినా పెనాల్టీ లేదు. అలా జరిగిందని చూసినవాళ్లుంటే బంతిని, లేదా ఇంకో బంతిని, మొదట ఉన్న చోటే పెట్టి ఆడాలి. పేడ, ఎండుటాకులు, చీమలు పెట్టిన మట్టి కుప్పలు బంతి కదలకుండా చేత్తో తీసేయవచ్చు, బంకర్‌లో కూడా. వాన నీళ్లు నిలిచిన చోట బంతి పడితే, ఆ నీళ్లు కాలికీ కర్రకూ అడ్డం రాని దగ్గరి చోటు చూసుకుని, అక్కడి నుంచి ఒక కర్ర దూరంలోపు ఉచితంగా వదలవచ్చు. బురదలో దిగబడిన బంతికీ ఉచితమే. జంతువు తవ్విన బొరియ దగ్గర కూడా అంతే, కానీ అందులోకి చేయి పెట్టకండి. ఇవి పాములున్న కొండలు. పొదల్లో వెతికేటప్పుడు ముందు కర్రతో తట్టండి.

వెతకడానికి ఇప్పుడు మూడు నిమిషాలే. ఆ తర్వాత బంతి పోయినట్టే. తెల్ల కర్రలు హద్దు. బంతి పోయినా, వాటి అవతల పడినా ఒక పెనాల్టీ దెబ్బ కలుపుకుని మళ్లీ మొదటి చోటి నుంచే కొట్టాలి. అనుమానం ఉంటే ముందుకు నడవకముందే, "ప్రొవిజనల్ ఆడుతున్నాను" అని పైకి చెప్పి, ముందుజాగ్రత్తగా ఇంకో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే అదే మీ అసలు బంతి అయిపోతుంది. రెండు పెనాల్టీ దెబ్బలతో, బంతి పోయిన దరిదాపుల్లోనే ఫెయిర్‌వే అంచున వదిలే స్థానిక నియమం కొన్ని చోట్ల ఉంది. అది అమల్లో ఉందేమో స్కోర్‌కార్డు వెనక చూడండి. కొత్తవాళ్లకు అది చాలా ఉపయోగం, వెనక్కి నడిచే పని తప్పుతుంది. ఎర్ర కర్రలు పాతిన వాగులో పడితే, బంతి ఆ అంచును దాటిన చోటి నుంచి హోల్‌కు దగ్గర కాకుండా రెండు కర్రల దూరంలోపు వదిలి, ఒక దెబ్బ కలుపుకుంటే సరిపోతుంది.

వేగం గురించి గట్టిగా చెప్పాలి. తొమ్మిది హోల్స్‌కు నలుగురు నడిచి ఆడితే రెండు గంటల పైచిలుకు పడుతుంది. అంతకన్నా ఎక్కువ పట్టిందంటే ఎవరో మాటల్లో పడ్డారన్నమాట. మీ వంతు వచ్చాక నలభై సెకన్లలోపు కొట్టమని నియమావళి సూచిస్తుంది. దూరంగా ఉన్నవారే ముందు ఆడాలని పట్టుబట్టకుండా, సిద్ధంగా ఉన్నవారు ఆడేయండి. సంచీని తర్వాతి టీ వైపున దించండి. బంతి పోయిన దిక్కులో ఒక చెట్టును గుర్తుపెట్టుకుని నేరుగా దాని దగ్గరికి నడవండి. వెనక వేగంగా ఆడేవాళ్లు ఉంటే పక్కకు జరిగి ముందుకు పంపండి.

కొత్తవాళ్లు లెక్కలో కుంగిపోతారు. లెక్కల టీచరుగా నేను వాళ్లకు స్టేబుల్‌ఫర్డ్ పద్ధతిలో, అంటే ఒక్కో హోల్‌కు పాయింట్లు వేసుకుంటూ, లెక్కించమని చెబుతాను. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు తయారుచేసిన ఈ పద్ధతిలో 1932లో వాలసీలో తొలి పోటీ జరిగింది. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు దెబ్బలు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో ఎవరికైనా గరిష్ఠం 54. అంటే, సుమారుగా, 18 హోల్స్‌లో ఒక్కొక్కదానికి మూడు దెబ్బల వెసులుబాటు. కాబట్టి పార్ 4 హోల్, అంటే మంచి ఆటగాడు నాలుగు దెబ్బల్లో ముగించవలసినది, మీకు పార్ 7 అవుతుంది. ఏడు దెబ్బల్లో ముగిస్తే రెండు పాయింట్లు, ఎనిమిదైతే ఒకటి, ఆరైతే మూడు. తొమ్మిదో దెబ్బకు వచ్చేసరికి సున్నా ఖాయం కనుక బంతిని తీసి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కు నడవండి. ఒక పాడైన హోల్ మొత్తం ఆటను పాడుచేయదు, వెనకవాళ్లూ ఆగిపోరు. ఇంత న్యాయమైన లెక్క నేను ఇంకో ఆటలో చూడలేదు.

కాలాన్ని బట్టి ఆట మారుతుంది. డిసెంబర్, జనవరి పొద్దుల్లో పొగమంచు దట్టంగా ఉంటుంది. ముందున్నవాళ్లు కనిపించేదాకా టీ దగ్గరే ఆగండి. మంచుకు తడిసిన గడ్డిలో బంతి దొర్లదు, చలికి దూరమూ తగ్గుతుంది, కనుక మామూలుగా వాడే దానికన్నా చిన్న నంబరు, అంటే ఎక్కువ దూరం కొట్టే, ఐరన్ తీసుకోండి. వానాకాలంలో దేవమాలి కొండ వైపు నుంచి మబ్బు దిగితే పావుగంటలో వాన మొదలవుతుంది. ఉరుము వినిపిస్తే పోటీలో ఉన్నా సరే, ఎవరి అనుమతీ అడగకుండా ఆట ఆపవచ్చు, ఆ హక్కు నియమావళే ఇచ్చింది. గొడుగు ముడిచి, కర్రలు దించి, ఒంటరి చెట్టు కిందికి కాకుండా పక్కా గదిలోకి పొండి. నాకు ఇష్టమైన కాలం అక్టోబరు, నవంబరు. నేలలో ఇంకా తడి ఉంటుంది, కొండలు కడిగినట్టు కనిపిస్తాయి, బంతి అనుకున్న చోట ఆగుతుంది.

ఆట ముగిశాక టోపీ తీసి, తోటివాళ్లకూ క్యాడీలకూ చేయి కలపండి. మీ కార్డును తోటి ఆటగాడితో సరిచూసి సంతకం చేయించుకోండి. కూలి క్యాడీ చేతికే ఇవ్వండి, కౌంటర్‌లో వదిలి వెళ్లకండి. విరిగిన హద్దు కర్ర, ఊడిన జెండా, నూనె ఎండిపోయి దుమ్ము లేస్తున్న బ్రౌన్ కనిపిస్తే అది ఎన్నో హోల్‌లోనో పనివాళ్లకు చెప్పండి. పొదల్లో దొరికిన పాత బంతులు మీకు అక్కర్లేకపోతే మెట్ల పక్కనున్న డబ్బాలో వేయండి, సెలవుల్లో నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు వాటితోనే ఆడతారు.